వదిన పంపిన సున్నా

పరీక్షశాల, పై అంతస్తు

ప్రియమైన వదినకి,

నీ రెండో బీన్స్ పెట్టె క్షేమంగా చేరింది. మా శాంపిళ్ల వ్యాను డ్రైవరు దాన్ని ఒళ్లో పెట్టుకుని తెచ్చినంత పని చేశాడు. "పెట్టె నలిగితే చెవులు మెలిపెడతానన్నారండీ మీ వదినగారు" అన్నాడు. అతను వారం వారం మీ ఊరి మీదుగానే వస్తాడు కాబట్టి ఇకమీదట పెట్టె, ఉత్తరం రెండూ అతని చేతికే ఇవ్వు. ఫోను వద్దు. ఫోనులో నీ మాట నేను పూర్తి కానివ్వనని నీ ఫిర్యాదు, నా మాట నువ్వు మొదలే పెట్టనివ్వవని నాది.

ఇన్ని బీన్స్ ఏం చేసుకుంటావని అడిగావు. తినడానికి కాదు. నా ఉద్యోగం నీకు తెలిసిందే కదా. బజారులో అమ్మే కూరగాయల్లో పురుగుల మందు ఎంత మిగిలి ఉందో కొలిచి, చట్టం పెట్టిన హద్దు దాటిందో లేదో చెప్పాలి. అలా చెప్పాలంటే ముందు మందు వాసన కూడా తగలని బీన్స్ కొన్ని మా దగ్గర ఉండాలి. వాటిని రుబ్బి మిషనుకి చూపించి, సున్నా అంటే ఇదీ అని నేర్పాలి. ఖాళీ త్రాసులో ముల్లు ఎక్కడ నిలబడుతుందో చూసుకున్నాకే కదా ఎవరైనా తూకం వేసేది.

ఆ సున్నా కోసం బజారంతా తిరిగాం. దొరకలేదు. "మందు వాడని కూరగాయలు" అని బోర్డు పెట్టిన దుకాణంలో రెండు రకాల మందులు దొరికాయి. అప్పుడు నువ్వు గుర్తొచ్చావు. ఆకుమీది పురుగుని చేత్తో ఏరి సబ్బునీళ్ల డబ్బాలో వేసే మహాతల్లివి. నేను వచ్చి పట్టుకెళ్లిన నీ మొదటి పెట్టెని మా దగ్గరా చూశాం, ఇంకో పరీక్షశాలకీ పంపి చూపించాం. రెండు చోట్లా ఏమీ లేదు. ఇప్పుడు మా ఫ్రీజరులో ఒక అర నీది. దానిమీద "సున్నా" అని చీటీ అంటించాను.

వారానికో పెట్టె పంపుతూ ఉండు. అన్నయ్యని అడిగానని చెప్పు. రిటైరయ్యాక ఖాళీగా కూర్చోవడం ఎంతవరకు నేర్చుకున్నాడో రాయి.

నీ ఆడపడుచు


ఇల్లు, పెరటి గుమ్మం దగ్గర

ఆడపడుచు మహారాణికి,

నీ ఉత్తరం మీ అన్నయ్యకి చదివి వినిపించాను. తర్వాత గోడమీంచి పక్కింటి టైలరుకి కూడా వినిపించాను. నా బీన్స్ వంకరగా ఉంటాయని ఇన్నాళ్లూ మూతి తిప్పిన మనిషి, చట్టమంతా నా పెరట్లోంచే మొదలవుతోందని తెలిసి ముక్కున వేలేసుకున్నాడు. వంకరలు కొలిచే మిషను మీ దగ్గర లేనట్టుంది, బతికిపోయాను.

నువ్వు మొదటి పెట్టె పట్టుకెళ్లిన తర్వాత తోటకి ఎవరి కన్ను తగిలిందో, ఆకుల కింద అంతా పేనుబంక. ఏరితే చేతికి రాదు, సబ్బునీళ్లకి లొంగదు. ఒకరోజు పెరటి మెట్టుమీద కూర్చుని ఏడ్చేశాను. నిజంగానే ఏడ్చాను, నవ్వకు. మీ అన్నయ్య పేపరు మడిచి పక్కన పెట్టి మరీ నావంక చూశారు. పెళ్లయిన దగ్గర్నుంచి నాకోసం ఆయన పేపరు మడవడం అదే మొదలు.

ఆ తర్వాత ఏమైందో ఏమో, పేనుబంక దానంతటదే పోయింది. నా చేతి చలవ అనుకుంటున్నాను. ఇప్పుడు చూడాలి నువ్వు నా తీగల్ని, ఎంత నిగనిగలాడుతున్నాయో!

మీ అన్నయ్యలో కూడా మార్పొచ్చిందమ్మాయ్. భోజనం కాగానే "పొద్దుటినుంచీ కష్టపడుతున్నావు, కాసేపు పడుకో, ఇల్లు నేను చూసుకుంటాను" అంటున్నారు. ఇంటిని చూసుకోవడం అంటే ఏం చేస్తారో తెలీదు గానీ, నేను లేచేసరికి రెండోసారి స్నానం చేసి, తల దువ్వుకుని, ఉతికిన చొక్కా వేసుకుని కూర్చుంటున్నారు. ఈ వయసులో ఈ షోకులేమిటని అడిగితే ఉక్కగా ఉందంటారు. సరేలే, పోనీ అని ఊరుకున్నాను.

పెట్టె పంపుతున్నాను. లేతవి పైన, ముదురువి కింద.

మీ వదిన


పరీక్షశాల, పై అంతస్తు

వదినా,

కొన్నాళ్లుగా రాయలేదు. మొదట్లో సంతోషంతో రాయలేదు, ఇప్పుడు భయంతో రాస్తున్నాను. 

సంతోషం సంగతి ముందు చెబుతాను. ఈ సీజనులో మా ఊరి కూరగాయలు ఒక్కసారిగా బుద్ధిమంతులైపోయాయి. ఏ బస్తా పట్టుకొచ్చినా హద్దు లోపలే. బడిపిల్లల మధ్యాహ్న భోజనానికి కూరగాయలు పోసే గోదాము ఆయన ఉన్నాడు. ఎప్పుడూ హద్దు అంచున వేలాడే మనిషి. అతని బీన్స్ కూడా వారం వారం పాసైపోయాయి. నేను సంతకం పెట్టిన కాగితానికి ఫ్రేము కట్టించి కుర్చీ వెనకాల తగిలించుకున్నాడు. ఇదంతా తన కఠినత్వం వల్లేనని మా పెద్దసారు పేపరువాళ్లకి చెప్పుకున్నారు. మా సెక్షన్ హెడ్డు కుర్చీ ఖాళీగా ఉంది. దానికి నా పేరు టైపు చేయించి బల్లమీద పెట్టుకున్నారు, సంతకమే తరువాయి.

ఇక భయం సంగతి. నా పక్కబల్ల ఆవిడ గురించి చెప్పానుగా, తన చేతి గడియారాన్ని కూడా నమ్మదు. ఇన్ని పాసులు చూసి ఆవిడకి నిద్ర పట్టలేదట. నిన్న ఫ్రీజరులో మిగిలిన నీ మొదటి పెట్టె బీన్స్ తీసి, ఈ వారం పెట్టెతో పక్కపక్కనే పెట్టి మిషనులో చూసింది. మొదటి పెట్టె సున్నా. ఈ వారానిది కాదు. మందు ఉంది వదినా, దాచిపెట్టలేనంత ఉంది.

త్రాసులో ముందే బరువు పెట్టి, దాన్ని ఖాళీ త్రాసు అనుకున్నాం. కాబట్టి ప్రతిదీ అసలుకంటే తక్కువ తూగింది. హద్దు దాటినవాటికి కూడా నేను మంచివని సంతకం పెట్టి ఉంటాను. వచ్చిన ప్రతి పెట్టెనీ చూసుకోవాలని ఆవిడ అప్పుడే అంది. "మా వదినవి, చూడక్కర్లేదు" అని నేనే అన్నాను.

కోప్పడకుండా చెప్పు. తోటలో ఏమైనా కొట్టావా?

నీ ఆడపడుచు


ఇల్లు, వంటింటి కిటికీ దగ్గర

అమ్మా తల్లీ,

కోప్పడకుండా చెప్పమన్నావు. కోప్పడ్డాను. గిన్నెలు విసిరాను. మీ అన్నయ్య పెట్టిన కాఫీ తాగలేదు. ఆయన మొహం పాలిపోయింది, పాపం, నా కోపానికి బెదిరిపోయారు.

నేనా మందు కొట్టేది? చీడపట్టిన ఆకుని కూడా బతిమాలి తుంచేదాన్ని నేను! ముందు మీ మిషను మొహం కడిగించు. అసలు మీరు కూరగాయల్ని కడక్కుండా, తొక్క తీయకుండా అలాగే రుబ్బుతారటగా, డ్రైవరు చెప్పాడు. ఏ ఇల్లాలు కడక్కుండా వండుతుంది? బజారులో ఎలా కొన్నామో అలాగే చూడాలని చట్టం ఉందంటావు. ఆ చట్టం రాసినవాళ్లు ఎన్నడైనా వంటింట్లోకి వెళ్లారా?

ఇంతా రాశాక తోచింది, ఇది పక్కింటి టైలరు పని. అతని గులాబీలకి ఏదో కొడతాడు. గాలికి నా తోటలో పడి ఉంటుంది. వెంటనే గోడ దగ్గరికి వెళ్లి నాలుగు దులిపేశాను. అతను గులాబీలకి కాఫీపొడి తప్ప ఏమీ వేయనని ఒట్టు పెట్టుకున్నాడు. నేను నమ్మలేదు. ఇప్పుడు మా మధ్య మాటల్లేవు.

ఈసారి గోడకి దూరంగా ఉన్న మడి ఎంచి, చుట్టూ దుప్పట్లు కట్టాను. పొద్దంతా కుర్చీ వేసుకుని కాపలా కూర్చుంటున్నాను. ఈగని కూడా వాలనివ్వను. మధ్యాహ్నం మాత్రం మీ అన్నయ్య బలవంతం మీద ఒక కునుకు తీస్తాను, అప్పుడు కాపలా ఆయనే.

ఈ కొత్త పెట్టె చూసేదాకా మీ ఆఫీసులో నోరు విప్పకు. మా ఊరి బడి టీచరమ్మ వచ్చి, మందు లేకుండా తోట పెంచడం ఎలాగో పిల్లలకి చెప్పమని అడిగింది. సరేనని చీర కూడా తీసి పెట్టుకున్నాను. నాకు తల కొట్టేసినట్టు చేయకు.

మీ వదిన


పరీక్షశాల, పై అంతస్తు

వదినా,

నువ్వు కాపలా కాసిన పెట్టెలో మందు ఇంకాస్త ఎక్కువగా ఉంది.

టైలరుకి క్షమాపణ చెప్పుకో. గాలికి పడితే పై ఆకుల్లోనే ఎక్కువ ఉంటుంది, ఒకచోట పడి ఒకచోట పడదు. నీ బీన్స్‌లో ప్రతి కాయకీ సమానంగా ఉంది. ఇది పేనుబంకకి వాడే మందు, బజారు బీన్స్‌లోనూ దొరికేది ఇదే, చిన్న సీసాల్లో కూడా అమ్ముతారు. ఆకుని తిరగేసి కింద వైపు కొట్టాలి. చాలా ఓపిక కావాలి. ఎవరో ఓపికగా, ఒక్క ఆకు కూడా వదలకుండా కొట్టారు.

ఆ మధ్యాహ్నం స్నానాల గురించి ఇంకోసారి వివరంగా రాస్తావా?

నువ్వు ఆగమన్నావని ఆగాను. అబద్ధమెందుకు, నాకోసం కూడా ఆగాను. నిన్న కాళ్లు ఎటు తీసుకెళ్తే అటు వెళ్లి బడి దగ్గర తేలాను. భోజనాల వేళ. అందరి కంచాల్లోనూ గోదాము ఆయన బీన్స్. ఒక పిల్ల మాత్రం బీన్స్ ముక్కలన్నీ ఏరి కంచం అంచున పెడుతోంది, టీచరు కసురుతోంది. ఆ పిల్లని ఎత్తుకుని ముద్దు పెట్టుకోవాలనిపించింది. మా సంస్థ మొత్తంలో ఆ పూట సరైన పని చేసింది ఆ పిల్ల ఒక్కతే.

పెద్దసారుకి చెప్పాను. ఆయన తలుపు వేసి, మంచినీళ్లిచ్చి, చాలా మర్యాదగా మాట్లాడారు. వచ్చే నెలనుంచి కొత్త సున్నా వెతుక్కుందాం, పాతవి తవ్వుకోవడం ఎందుకు అన్నారు. అలా అంటూ నా ప్రమోషన్ కాగితాన్ని బల్ల మీద ఇటునుంచి అటు జరిపారు. తిన్నవి ఎలాగూ తిన్నారు, మరి రేపు తినేవో? మేము ప్రతి శాంపిలులో సగం ఫ్రీజరులో దాస్తాం. అవి తీసి, అసలు సున్నాతో మళ్లీ కొలిస్తే నిజం బయటపడుతుంది. కొలవమని ఎవరో ఒకరు రాయాలి. సోమవారం నేను రాస్తాను. ఈలోగా నువ్వు నిజం కనుక్కో.

నీ ఆడపడుచు


ఇల్లు, పెరటి మెట్టు

అమ్మాయీ,

కనుక్కున్నాను.

నిన్న పడుకున్నట్టు పడుకుని, గురక కూడా పెట్టాను. ఆయన పిల్లిలా లేచి వెళ్లారు. కిటికీలోంచి చూశాను. వానకోటు తొడుక్కుని, మూతికి నా పాత ఓణీ గుడ్డ కట్టుకుని, చేతిలో చిన్న పిచికారీ. ఒక్కో ఆకునీ రెండు వేళ్లతో తిప్పి, కింద కొట్టి, మళ్లీ మెల్లగా ఎలా ఉన్నదాన్ని అలా వదులుతున్నారు. మీ అన్నయ్యేనా అనిపించింది. దుప్పటి మడత పెట్టమంటే ఉండ చుట్టి పడేసే మనిషి! నేను కట్టిన దుప్పట్లని కూడా ముడి విప్పి, పని కాగానే మళ్లీ అదే ముడి వేశారు.

బయటికెళ్లి పట్టుకుందామనే లేచాను. గుమ్మందాకా వెళ్లి ఆగిపోయాను. తిరిగొచ్చి పడుకుని, నీళ్లగదిలో చెంబు చప్పుడు వింటూ ఏడ్చాను. కోపంతోనో దేనితోనో నాకే తెలీదు. సాయంత్రం ఆయన "తీగలు బాగున్నాయే" అన్నారు. "నా చేతి చలవ" అన్నాను. ఆ మాట అంటుంటే ఆయన మొహం చూడాలి నువ్వు, పరీక్ష పాసైన పిల్లాడి మొహం!

ఆయనకి చెప్పలేను. రిటైరయ్యాక ఆ మనిషి ఇష్టపడి చేసిన పని ఇదొక్కటే. మీ పెద్దసారు చెప్పినట్టు చేస్తే పోయేదేముంది అని ఇక్కడ ఒక వాక్యం రాసి కొట్టేశాను. కొట్టేసినా చదవగలవు, నాకు తెలుసు. చదివి వదిలేయ్.

రిపోర్టులో నా పేరు రాసుకో. ఆయన పేరు వద్దు.

మీ వదిన


ఇల్లు, ముందు గది

చెల్లాయికి,

ఎన్నడూ లేనిది అన్నయ్య ఉత్తరం రాశాడేమిటని కంగారు పడకు. కొంపలేమీ అంటుకోలేదు. మీ వదినకి తెలియకుండా డ్రైవరు చేతికి ఇస్తున్నాను.

ఒక స్నేహితుడి తరఫున అడుగుతున్నాను. అతని భార్యకి తోటంటే ప్రాణం. పురుగు పడితే కూర్చుని ఏడుస్తుంది. ఆవిడ ఏడిస్తే మా స్నేహితుడు చూడలేడు, కానీ మందంటే ఆవిడకి గిట్టదు. అతను చాటుగా కొంచెం కొట్టాడట. ఆ కాస్తా మీలాంటివాళ్ల మిషనుకి దొరికిపోయి, ఆవిడ ఇప్పుడు ఇంకా ఎక్కువ ఏడుస్తోంది. కనుక మిషనుకి దొరకని మందు ఏదైనా ఉంటే పేరు రాసి పంపు. లేకపోతే ఎన్ని రోజులు ముందు కొడితే కనిపించదో అదైనా చెప్పు.

చదివాక చింపెయ్యి. మా స్నేహితుడు బొత్తిగా పిరికివాడు.

మీ అన్నయ్య


పరీక్షశాల, పై అంతస్తు

వదినా,

సోమవారం రాసి ఇచ్చాను. పెద్దసారు ఈసారి మంచినీళ్లు ఇవ్వలేదు. ఫ్రీజరులో దాచిన సగాలన్నీ తీసి, నీ మొదటి పెట్టెలో మిగిలిన గుప్పెడు బీన్స్‌ని సున్నాగా పెట్టుకుని మళ్లీ కొలిచాం. గోదాము ఆయన బీన్స్ చాలా వారాలు హద్దు దాటే ఉన్నాయి. ఆ కాగితాలన్నీ రద్దు చేశాం. బడికి సరఫరా ఆపేశారు. ఫ్రేము కట్టిన కాగితం తేవడానికి నేనే వెళ్లాను. "నాలుగు నెలలుగా మంచివని చెప్పిందీ మీరే, కాదని చెప్పిందీ మీరే. రెండింటి మీదా సంతకం మీదే కదండీ" అన్నాడతను. ఫ్రేము విప్పి కాగితం తీసుకుని వచ్చేశాను.

"సంస్థ అప్రమత్తత వల్ల బయటపడిన నిజం" అని పేపర్లో పెద్దసారు ఫోటో వేశారు. పైనుంచి ఆయనకి అభినందన వచ్చింది. సెక్షన్ హెడ్డు కుర్చీ పక్కబల్ల ఆవిడకి ఇచ్చారు. న్యాయమే. అయినా బాత్రూములోకెళ్లి ఏడ్చాను.

దీంతోపాటు నీ బీన్స్ రిపోర్టు పంపుతున్నాను. చదివి నవ్వుకో. మందు ఉంది, కానీ చట్టం పెట్టిన హద్దుకి చాలా కింద ఉంది. బజారులో దర్జాగా అమ్ముకోవచ్చు. ఈ సీజనులో మేము చూసినవాటిలో అన్నిటికంటే మంచి బీన్స్ అవే. తినడానికి పనికొస్తాయి, సున్నాకి పనికిరావు.

రెండో కాగితం నీ సంతకం కోసం. తప్పు ఎలా జరిగిందో చెప్పే గడిలో మూడే మాటలు అచ్చువేసి ఉన్నాయి: మిషను లోపం, సిబ్బంది నిర్లక్ష్యం, సరఫరాదారు నిర్లక్ష్యం. రెండో దానికి టిక్కు పెట్టి నా పేరు రాశాను. మూడో దానికి కూడా పెట్టక తప్పలేదు. అన్నయ్య పేరు ఎక్కడా లేదు. 

అన్నయ్య నాకో ఉత్తరం రాశాడు. చింపెయ్యమన్నాడు, చింపలేదు. అందులో ఏముందో నీకు చెప్పను. అలాంటిదేమీ దొరకదని మాత్రం జవాబు రాశాను.

నీ ఆడపడుచు


ఇల్లు, పెరటి మెట్టు

అమ్మాయీ,

నీ కుర్చీ పోయిందని చదివి నాకూ ఏడుపొచ్చింది. వచ్చిన ఏడుపు కోపంగా మారడానికి ఎంతోసేపు పట్టలేదు. భోజనం కాగానే మీ అన్నయ్య అలవాటుగా "కాసేపు పడుకో" అన్నారు. "పడుకోను, ఆ సీసా ఎక్కడ దాచారో తీసుకురండి" అన్నాను. వెళ్లి బూట్ల పెట్టెలోంచి తెచ్చి నా ముందు పెట్టారు.

చెడామడా తిట్టాను. బడిపిల్లల సంగతి చెప్పాను, నీ కుర్చీ సంగతి చెప్పాను. సున్నా అంటే చాలా తక్కువ అని అనుకున్నారట. అంత తక్కువ ఉంటే చాలుకదా అనుకున్నారట. ఆఖరికి తల వంచుకుని "నువ్వు ఆ మెట్టుమీద కూర్చుని ఏడుస్తుంటే నాకు ఇంకేం తోచలేదు" అన్నారు. పెళ్లయిన ఇన్నేళ్లకి ఆయన నాతో అన్న పెద్ద మాట అదే. దాన్ని కూడా నేను తిట్లమధ్యలోనే వినాల్సి వచ్చింది.

ఆ పిల్లలు తిన్నదానికి ఆయన్ని క్షమించలేదు. నిన్నూ క్షమించలేదు. మందు ఆయన కొట్టారు, చూడకుండా నమ్మింది నువ్వు, ఆ నమ్మకాన్ని ఊరంతా చెప్పుకు తిరిగింది నేను. బడి టీచరమ్మకి రానని కబురు పెట్టాను. టైలరుకి క్షమాపణ చెప్పాను, అతను ఇంకా మూతి ముడుచుకునే ఉన్నాడు.

పేనుబంక మళ్లీ వచ్చింది. ఇద్దరం కూర్చుని ఏరుతున్నాం. ఆయన కళ్లజోడు పెట్టుకుని ఏరుతారు, నాకంటే బాగా ఏరుతారు. పంట సగానికి సగం పోయేలా ఉంది.

కాగితం మీద సంతకం పెట్టాను. నా పేరు కింద ఆయన కూడా పెట్టారు, వద్దన్నా వినలేదు. కానీ సరఫరాదారు నిర్లక్ష్యం అన్నదాన్ని నేను కొట్టేశాను. తప్పంటే ఒప్పుకుంటాను, నేరమన్నా ఒప్పుకుంటాను. ఎర్రటి ఎండలో వానకోటు వేసుకుని, ఆకు ఆకునీ తిరగేసి చూసిన మనిషిని పట్టుకుని నిర్లక్ష్యం అంటే మాత్రం ఒప్పుకోను. పక్కన ఖాళీలో "అతి శ్రద్ధ" అని రాశాను. అలాంటి గడి లేదని మీవాళ్లు వెనక్కి పంపితే ఇంకో కాగితం పంపు, మళ్లీ అదే రాసి ఇస్తాను.

మీ వదిన